పాట ఒక చెవిలోనే వస్తోందా? హెడ్‌ఫోన్ వైరు, పిన్ను ఇంట్లోనే బాగుచేసే పద్ధతి

హెడ్‌ఫోన్ వైరు కరెంటు వల్ల తెగదు, వంపు వల్ల తెగుతుంది. కర్నూలులో రాత్రి బస్సెక్కి, ఫోను జేబులో పెట్టుకుని పాటలు వింటూ నిద్రపోతే పిన్ను దగ్గర వైరు తెల్లారేదాకా మడత మీదే ఉంటుంది. లోపలి తీగలు వెంట్రుకంత సన్నవి. పైన రబ్బరు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పోగులు ఒక్కొక్కటే తెగుతూ పోతాయి. అన్నీ తెగేదాకా మనకు తెలియదు. మొదట వైరు కదిలిస్తే ఒక చెవిలో పాట పోయి వస్తుంది. కొన్నాళ్లకు పోయింది పోయినట్టే ఉంటుంది.

అందుకే ఈ పనిలో ముఖ్యమైనవి రెండు. తెగిన చోటు కచ్చితంగా పట్టుకోవాలి, కొత్త అతుకు మీద మళ్లీ వంపు పడకుండా చూడాలి. మధ్యలో వచ్చే సోల్డరింగ్, అంటే లెడ్ కరిగించి తీగలు అతకడం, పది నిమిషాల పని. చాలామంది ముందు పిన్ను కత్తిరించి, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక అప్పుడు తప్పు ఎక్కడుందా అని వెతుకుతారు.

కత్తెర పట్టకముందు

ముందు అనుమానించాల్సింది ఫోనును. అదే ఫోనుకు వేరే ఇయర్‌ఫోన్ పెట్టి చూడండి, ఈ ఇయర్‌ఫోన్‌ను వేరే ఫోనుకు పెట్టి చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో ఎడమ కుడి చెవుల బ్యాలెన్స్ గీత ఒకటి ఉంటుంది. పిల్లల చేతికి ఫోను ఇచ్చినప్పుడు అది ఒక పక్కకు జరిగిపోయి, బంగారం లాంటి హెడ్‌సెట్ చెత్తబుట్ట పాలైన ఇళ్లు ఉంటాయి.

తర్వాత ఫోను రంధ్రం. మన ఎండాకాలపు దుమ్ము, జేబులోని నూలు పీచు కలిసి రంధ్రం అడుగున గట్టి ఉండలా పేరుకుంటాయి. పిన్ను పెట్టిన ప్రతిసారీ దాన్ని ఇంకా లోపలికి దట్టిస్తాం. పిన్ను చివరి అర మిల్లీమీటరు లోపలికి పోదు, 'టక్' మనే చిన్న పట్టు చేతికి తగలదు. ఫోను ఆఫ్ చేసి, అగరుబత్తి పుల్లకు మసాలా లేని చివరను కొంచెం చెక్కి, మెల్లగా తిప్పుతూ ఆ ఉండను బయటికి లాగండి. పిన్నీసు, సూది వద్దు. లోపల స్ప్రింగు రేకులుంటాయి, ఒకటి వంగినా ఆ రంధ్రం ఇక పనికిరాదు.

ఫోను బాగానే ఉంటే వైరు సంగతి చూడండి. పాట కంటే వార్తలో, ప్రసంగమో పెట్టండి. పాటలో వాయిద్యాలు మారుతుంటే శబ్దం తగ్గిందో, పాటే అట్లా ఉందో తేలదు. ఒక చేత్తో పిన్ను కదలకుండా పట్టుకుని, పిన్ను పైన రెండు సెంటీమీటర్ల దగ్గర వైరును నాలుగు వైపులా మెల్లగా వంచండి. తర్వాత ఐదేసి సెంటీమీటర్లు పైకి జరుగుతూ పోండి. ఎక్కువగా తెగేది పిన్ను మెడ దగ్గరే. తర్వాత వైరు రెండుగా చీలే చోటు, మైకు డబ్బా రెండు చివరలు, చెవి గిన్నెలోకి వైరు దూరే చోటు. నడి వైరులో తెగడం అరుదు. అక్కడ తెగితే కుర్చీ కాలు ఎక్కిందో, ఎలుక కొరికిందో అయ్యుంటుంది, పైన గుర్తు కనిపిస్తుంది.

ఒక లక్షణాన్ని మాత్రం చాలామంది తప్పుగా చదువుతారు. రెండు చెవుల్లోనూ శబ్దం వస్తుంది, కానీ పాటలో గాయని గొంతు దాదాపు మాయమై, వెనకాల వాయిద్యాలు, ప్రతిధ్వని మాత్రం డొల్లగా వినిపిస్తాయి. స్పీకర్ పోయిందనుకుంటారు, కాదు. రెండు చెవులకూ కలిపి ఉండే కామన్ తీగ తెగింది. అప్పుడు కరెంటు ఒక చెవిలోంచి రెండో చెవిలోకి పోతుంది, ఎడమ కుడి శబ్దాల మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది. గొంతు రెండు వైపులా సమానంగా రికార్డయి ఉంటుంది కాబట్టి తేడాలో అది కొట్టుకుపోతుంది. ఈ లక్షణం కనిపిస్తే స్పీకర్ల జోలికే పోవద్దు.

మీటరు చెప్పేది

మామూలు డిజిటల్ మల్టీమీటరు చాలు. 200 ఓమ్‌ల దగ్గర పెట్టి, ఒక ముల్లు పిన్ను మొన మీద, రెండోది పిన్ను మొదట్లో ఉండే పొడుగు భాగం మీద ఆనించండి. మైకు ఉండే పిన్ను అయితే రెండో ముల్లును ఆ పొడుగు భాగానికి పక్కనున్న రింగు మీద పెట్టండి. చెవిలో చిన్న 'టిక్' వినబడి, ఇయర్‌ఫోన్ అయితే 16 లేదా 32 ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తుంది. పెద్ద హెడ్‌ఫోన్లలో ఇంకా ఎక్కువ ఉండొచ్చు. స్టూడియో రకాల్లో 250 ఓమ్‌లవీ ఉన్నాయి. అంకె ఎంతన్నది కాదు, రెండు చెవులకూ దాదాపు ఒకే అంకె రావడం ముఖ్యం.

మైకు లేని పిన్నులో మొన నుంచి మొదలుకు ఏమీ రాకుండా, నడుమ రింగు నుంచి మొదలుకు కూడా ఏమీ రాకుండా, మొన నుంచి రింగుకు మాత్రం 64 దాకా చూపిస్తే అది పైన చెప్పిన కామన్ తెగుడే. రెండు 32లు వరుసలో కలిశాయి. ఎక్కడైనా సున్నా, ఒకటి దగ్గర ఆగితే రెండు తీగలు లోపల తగులుకుంటున్నాయి. ముళ్లు ఆనించి ఉంచి వైరు వంచితే అంకె ఎగిరిపడే చోటే తెగిన చోటు. ఈ పనికి ఇంకొకరు వైరు పట్టుకుంటే సుఖం.

మీటరు లేకపోతే గోడ గడియారంలోని 1.5 వోల్టుల సెల్లు పనికొస్తుంది. సెల్లు రెండు కొనలకూ రెండు చిన్న తీగ ముక్కలు పట్టించి, పిన్ను మీద అట్లా తాకించి తీసేయండి. వైరు బాగున్న వైపు చెవిలో 'టక్' మంటుంది. ఆ సమయంలో హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకోకండి, సెల్లును అట్లే ఆనించి ఉంచకండి. చిన్న స్పీకరుకు అంత కరెంటు అలవాటు లేదు.

ఇక్కడ ఒక మినహాయింపు. టైప్-సీ పిన్ను ఉండే చాలా ఇయర్‌ఫోన్లలో పిన్ను లోపలే చిన్న చిప్ ఉంటుంది. ఈ మీటరు లెక్క వాటికి కుదరదు, పిన్ను కోసి ఇంకోటి అతికించడమూ కుదరదు. మెడకు వేసుకునే బ్లూటూత్ వాటిలో లిథియం బ్యాటరీ ఉంటుంది. దాని కనెక్షన్ విడదీయకుండా పక్కన వేడి ఐరన్ పెట్టడం ప్రమాదం. ఇక్కడ రాసేదంతా 3.5 మి.మీ. పిన్ను ఉండే మామూలు వైరు హెడ్‌ఫోన్ల గురించే.

ఏమేం కావాలి

25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్న మొనది. 0.8 మి.మీ. లెడ్, అంటే అతికే సోల్డర్ తీగ, 60/40 రకం (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం), మధ్యలో రోజిన్ ఉండేది. లెడ్ తీగకు బాగా పట్టడానికి చిన్న డబ్బా రోజిన్ ఫ్లక్స్. నీళ్ల పైపులకూ రేకు డబ్బాలకూ వాడే ఆసిడ్ పేస్టు మాత్రం వద్దు, ఆరు నెలల్లో తీగను తినేస్తుంది. 1.5 మి.మీ., 3 మి.మీ., 5 మి.మీ. హీట్ స్లీవులు (వేడికి ముడుచుకుని బిగిసే గొట్టాలు) తలా అర అడుగు. కొత్త బ్లేడు, ముక్కు పటకారు, లైటరు. ఇంతే.

పిన్ను కొనేటప్పుడు మాత్రం మాట కచ్చితంగా ఉండాలి. పాత పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టుకుని పోండి. రెండు గీతలుంటే మైకు లేనిది, త్రీ పోల్. మూడు గీతలుంటే మైకు ఉండేది, ఫోర్ పోల్. "అన్నా, త్రీ పాయింట్ ఫైవ్ ఫోర్ పోల్ పిన్ను, మెటల్‌ది, వెనక స్ప్రింగు ఉండేది ఇయ్యన్నా" అంటే కొట్టాయనకు అర్థమవుతుంది. నున్నటి ప్లాస్టిక్ తొడుగుదీ, వెనక స్ప్రింగు లేనిదీ అంటగడితే తీసుకోకండి. స్ప్రింగు లేకపోతే వైరు మళ్లీ అదే మెడ దగ్గర మడతపడుతుంది. ఫోనుకు కవరు ఉంటే పిన్ను భుజం సన్నగా ఉందో లేదో కూడా చూసుకోండి. లావు భుజం కవరుకు తగిలి పిన్ను పూర్తిగా దిగదు.

త్రీ పోల్‌ను ఇంగ్లీషులో టీఆర్‌ఎస్ అంటారు. టిప్, రింగ్, స్లీవ్. ఆ పేరుతో ఉండిన పార్టీ 2022లో పేరు మార్చుకుంది గానీ పిన్ను మార్చుకోలేదు. టిప్ అంటే మొన, ఎడమ చెవి. రింగ్ నడుమది, కుడి చెవి. స్లీవ్ మొదలు, కామన్.

పని చేసే చోటు

కడప బండ ముక్క ఉంటే అంతకన్నా మంచి బల్ల లేదు. కాలదు, మరక పడదు, కారిన లెడ్ గోకితే ఊడొస్తుంది. కానీ అతికే చోటును బండకు ఆనించొద్దు. రాయి వేడి లాగేసుకుంటుంది, లెడ్ కరగక మీరు ఐరన్ అదిమి పెడతారు, పక్కన ప్లాస్టిక్ కాలుతుంది. వైరును రెండు బట్టల క్లిప్పులతో ఇటుక అంచుకు పట్టించి, అతుకు గాల్లో ఉండేట్టు చూడండి.

ఫ్యాను ఆపాలి. గాలికి 25 వాట్ల మొన చల్లారిపోతుంది, అతుకు గింజలు గింజలుగా గడ్డకడుతుంది. మే నెలలో అనంతపురంలో ఫ్యాను ఆపి కూర్చోవడం శిక్షే, కాబట్టి పొద్దున్నే ఆరింటికే పని పెట్టుకోండి. కిటికీ మాత్రం తెరవాలి. కాలే పూత పొగ, రోజిన్ పొగ రెండూ గొంతుకు మంచివి కావు. 60/40 లెడ్‌లో 40 పాళ్లు సీసమే. పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా తినడం, పిల్లల్ని ముట్టుకోవడం వద్దు.

ఊళ్లో ఓల్టేజి తక్కువగా ఉంటే ఐరన్ వేడెక్కడానికి ఐదు నిమిషాలకు పైనే పడుతుంది. మొన మీద లెడ్ ఆనించగానే నీళ్లలా పారితే సిద్ధమైనట్టు. ముద్దలా అంటుకుంటే ఇంకా కాలేదు.

పిన్ను మార్చడం

పాత పిన్నును మెడ పక్కన కాదు, మూడు సెంటీమీటర్ల పైన కోయండి. తెగినది మెడలోనే అయినా ఆ పక్క పోగులు కూడా నలిగి ఉంటాయి. కోసిన పాత పిన్నును పారేయొద్దు. ఏ రంగు ఏ రింగుకు పోతుందో చెప్పే పటం అదే. దాని తోకలో మిగిలిన తీగల కొనలు శుభ్రం చేసి, మీటరు బీప్ దగ్గర పెట్టి ఒక్కో రంగుకూ ఒక్కో రింగుకూ ఆనించి చూసి కాగితం మీద రాసుకోండి. తెగిన తీగ మోగదు, మిగిలిపోయిన రింగు దానిదే. సాధారణంగా ఎరుపు కుడి, పచ్చ లేదా నీలం ఎడమ, రాగి రంగు కామన్. 'సాధారణంగా' అన్న మాటను నమ్ముకుని చేసినవాళ్లే రెండోసారి పిన్ను కొంటారు.

ఇప్పుడు అందరూ మరిచిపోయే అడుగు. కొత్త పిన్ను తొడుగు విప్పి, ఆ తొడుగునూ, దాని స్ప్రింగునూ, 3 మి.మీ. స్లీవు ముక్కనూ ముందే వైరుకు ఎక్కించండి. తొడుగు మర కొత్త పిన్ను వైపు తిరిగి ఉండాలి. నాలుగు అతుకులూ ముత్యాల్లా పెట్టి, ఊదుకుని, తీరా చూస్తే తొడుగు బల్ల మీద నవ్వుతూ ఉంటుంది. అప్పుడు అన్నీ ఊడదీసి మళ్లీ మొదటికి రావడమే.

వైరు పై రబ్బరును 12 నుంచి 15 మి.మీ. ఒలవండి. బ్లేడును వైరు మీద ఆనించి వైరును దొర్లించండి, బ్లేడును నొక్కకండి. గీత పడగానే అక్కడ వంచితే రబ్బరు దానంతటదే విచ్చుకుంటుంది. లోపల రంగు రంగుల తీగలు, వాటి మధ్య తెల్లటి పీచు కనిపిస్తాయి. ఆ పీచు లాగుడుకు తట్టుకోవడానికి పెట్టిన నైలాన్, నూలు లాంటిది. తీగలో కలిసి ఉంటే గోటితో విడదీసి మొదలంటా కోసేయండి. అది లెడ్‌లో పడితే మాడి నల్లటి బూడిదై అతుకును చెడగొడుతుంది.

ఈ పనిలో ఎక్కువమంది ఓడిపోయేది తర్వాతి మెట్టు దగ్గరే. తీగ మీది ఎరుపు, పచ్చ ప్లాస్టిక్ తొడుగులు కావు, రాగి మీద పూసిన వార్నిష్. ఫ్యాను వైండింగ్ తీగ మీద ఉండే ఎనామిల్ లాంటిదే. దాని మీద లెడ్ అంటదు. పైన ముద్దగా కూర్చుంటుంది గానీ లోపల కరెంటు పోదు. చూడ్డానికి అతికినట్టే ఉంటుంది, మీటరు మాత్రం మోగదు. రాగి రంగులో ఉన్న తీగను కూడా ఒట్టి రాగి అనుకోవద్దు. చాలాసార్లు దాని మీదా రంగులేని పూత ఉంటుంది.

పూత తీయడానికి గోకడం, ఉప్పుకాగితం రుద్దడం పెద్ద తీగలకు సరే. ఇంత సన్నవి పోగులుగా తెగిపోతాయి. లైటరు మంట పెడితే పూత పోతుంది గానీ రాగి నల్లబడి పెళుసెక్కుతుంది. సరైన దారి ఇది. పోగుల కొసలను వేళ్లతో మెలిపెట్టి ఫ్లక్స్‌లో ముంచండి. ఐరన్ మొన మీద మిరియపు గింజంత లెడ్ బొట్టు నిలబెట్టండి. తీగ కొసను ఆ బొట్టులోకి దూర్చి మూడు నాలుగు సెకన్లు ఉంచండి. సన్నటి పొగ లేస్తుంది, పూత కరిగి పక్కకు పోతుంది, లెడ్ తీగ పైకి పాకడం కంటికి కనిపిస్తుంది. బయటికి తీస్తే కొస వెండిలా మెరవాలి. మచ్చలు మచ్చలుగా నల్లగా ఉంటే మొన మీది పాత లెడ్ తడి స్పాంజికి తుడిచి, కొత్త బొట్టుతో మళ్లీ. రెండు మూడు మి.మీ. మెరిస్తే చాలు, అంతకన్నా పైకి పోనివ్వొద్దు. లెడ్ ఎక్కిన తీగ కడ్డీలా బిగుసుకుంటుంది, అది ఎంత పొడుగుంటే అంత త్వరగా విరుగుతుంది.

అతికేముందు మీటరు ఇంకోసారి. మెరిసే కొసల మధ్య 200 ఓమ్‌ల మీద చూడండి. ఎరుపుకూ కామన్‌కూ మధ్య పెట్టినప్పుడు కుడి చెవిలో టిక్ మనాలి. ఇక్కడ అంకె వస్తే తెగింది కోసేసిన ముక్కలోనే అని రుజువైంది. రాకపోతే తప్పు ఇంకా పైన ఉంది. కొత్త పిన్ను అతికినా వృథా, ముందు ఆ చోటు వెతకండి.

కొత్త పిన్ను లోపలి రేకుల మీద కూడా ముందే కొద్దిగా లెడ్ పూసి పెట్టుకోండి. పిన్ను రింగుల మధ్య ఉండే నల్లటి ప్లాస్టిక్ వేడికి మెత్తబడితే మొన ఒక పక్కకు ఒరిగిపోతుంది, ఆ పిన్ను ఏ ఫోనులోనూ దిగదు. పాడైపోయిన రేడియోలోనో స్పీకరులోనో పీకిన సాకెట్ ఉంటే పిన్నును అందులో దూర్చి అతకండి. సాకెట్ దాన్ని నిటారుగా పట్టి ఉంచుతుంది, వేడినీ లాగుతుంది. సాకెట్ లేకపోతే ఉర్లగడ్డలో గుచ్చండి. వంటింట్లో తిడతారు గానీ పని అవుతుంది, తర్వాత పిన్ను తుడిచి ఆరబెట్టండి. ఒక్కో రేకు మీద రెండు మూడు సెకన్లకు మించి ఐరన్ ఉంచొద్దు. పట్టకపోతే తీసేసి, చల్లారాక మళ్లీ.

లోపలి చిన్న రేకుల నుంచి మొదలుపెట్టి, పెద్ద రేకును చివర అతకండి. పెద్దది ముందు అతికితే లోపలి వాటికి ఐరన్ దారి దొరకదు. రెండు చెవుల వైరుల్లో రెండు రాగి రంగు తీగలు వస్తే రెంటినీ కలిపి మెలిపెట్టి కామన్‌కు ఇవ్వాలి. ఒక్కదాన్నే ఇస్తే ఒక చెవి మూగది. ఐరన్ తీశాక రెండు సెకన్లు కదపకండి. గడ్డకట్టేలోపు కదిలితే అతుకు పిండిలా మసకగా కనిపిస్తుంది, నెలలోపే ఊడుతుంది.

ఇక పట్టు. పెద్ద రేకుకు చివర రెండు చెవుల్లాంటివి ఉంటాయి. అవి బిగించాల్సింది పై రబ్బరు మీద, లోపలి తీగల మీద కాదు. ఇయర్‌ఫోన్ వైరు సన్నం, రెండు రెండున్నర మి.మీ. ఉంటుంది. పిన్ను వెనక రంధ్రం నాలుగు మి.మీ. దాకా ఉండొచ్చు. వదులుగా ఉంటే లాగుడంతా అతుకుల మీదే పడుతుంది. అందుకే ముందు ఎక్కించిన 3 మి.మీ. స్లీవును వైరు రబ్బరు మీదకు జరిపి వేడిచేసి లావు చేయండి, సరిపోకపోతే పైన ఇంకొకటి. ఆ లావు మీద రేకు చెవులు పటకారుతో ఒత్తండి. వైరు పట్టుకుని మెల్లగా లాగితే రబ్బరు మాత్రమే బిగుసుకోవాలి, లోపలి తీగలు కొంచెం వదులుగా వంపు తిరిగి ఉండాలి. ఇన్‌స్టంట్ జిగురు పోసి గట్టిచేద్దామనుకోకండి. అది వైరులోకి పాకి కడ్డీ చేస్తుంది, తర్వాత ఆ కడ్డీ ముగిసే చోటే తెగుతుంది. హాట్ గ్లూ నయమే గానీ మే నెల ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద పెడితే మెత్తబడుతుంది. రీఫిల్ స్ప్రింగు చుట్టే చిట్కా కూడా సగం మంచిదే. స్ప్రింగు ముగిసే చోట వైరు కోసుగా మడతపడితే తెగే చోటు రెండు అంగుళాలు పైకి మారిందంతే.

ఫోర్ పోల్‌లో తిరకాసు

మూడు గీతల పిన్నులో మొన ఎడమ, తర్వాతి రింగు కుడి. ఆ తర్వాతే గొడవ. ఇప్పటి ఫోన్లన్నీ దాదాపు సీటీఐఏ పద్ధతి. మూడోది కామన్, మొదట్లో ఉండే పొడుగు భాగం మైకు. పాత ఫోన్లు కొన్నింటిలో ఓఎంటీపీ అని ఇంకో పద్ధతి ఉండేది, ఈ రెండూ అటుదిటుగా ఉంటాయి. త్రీ పోల్ చేసి చేసి అలవాటైన చెయ్యి పెద్ద రేకు కనిపించగానే కామన్‌ను దానికే ఇచ్చేస్తుంది. ఫోనుకు పెడితే మళ్లీ ఆ డొల్ల శబ్దమే, గొంతు లేని పాట. మైకు డబ్బా మీది బటన్ నొక్కి పట్టినంతసేపు పాట చక్కగా వచ్చి, వదలగానే డొల్లబోతే సందేహమే లేదు, కామన్, మైకు తారుమారయ్యాయి. బటన్ చేసే పని ఆ రెంటినీ కలపడమే కాబట్టి అట్లా జరుగుతుంది.

మైకు తీగ ఏదో ముందే తెలుసుకోవడానికి కూడా ఆ బటనే సాయం. అనుమానమున్న తీగకూ కామన్‌కూ మధ్య మీటరు 2000 ఓమ్‌ల దగ్గర పెట్టి బటన్ నొక్కండి. అంకె సున్నా దగ్గరకు పడిపోతే అదే మైకు. కొత్త పిన్ను రేకుల్లో ఏది ఏ రింగుకు పోతుందో కూడా కంటితో ఊహించకుండా బీప్‌తోనే చూసుకోండి. అన్ని కంపెనీలూ ఒకే వరుసలో పెట్టవు.

మైకు అక్కర్లేదనుకుంటే త్రీ పోల్ పిన్ను వేసుకోవచ్చు. పని సగం. మైకు తీగ కొసను కోసి, ఎవరికీ తగలకుండా చిన్న స్లీవు తొడిగి వదిలేయండి.

మధ్యలో తెగితే, చెవి దగ్గర తెగితే

నడి వైరులో అయితే నలిగిన భాగం మొత్తం కోసేసి, రెండు కొసలూ మూడు సెంటీమీటర్లు ఒలవండి. తీగలన్నీ ఒకే చోట అతికితే ముడిలా ఉబ్బుతుంది, ఒకదానికొకటి తగులుతాయి. ఎరుపును ఒక చోట, పచ్చను దానికి సెంటీమీటరు ఎడంగా, కామన్‌ను ఇంకో సెంటీమీటరు ఎడంగా పడేట్టు పొడవులు కోసుకోండి. 5 మి.మీ. పెద్ద స్లీవు వైరుకు, 1.5 మి.మీ. చిన్నవి తీగలకు ముందే ఎక్కించి, అతికే చోటుకు దూరంగా జరపండి. దగ్గరుంటే ఐరన్ సెగకే ముడుచుకుపోతాయి. లైటరు మంట నీలం భాగానికి రెండు సెంటీమీటర్ల దూరంలో, ఒక్క చోట ఆపకుండా తిప్పితే చాలు. కరెంటు టేపుతో చుట్టేస్తే మన ఎండకు జిగురు కారి వైరంతా జిడ్డవుతుంది.

చెవి గిన్నె దగ్గర తెగితే పెద్ద హెడ్‌ఫోన్లలో మెత్తటి దిండు లాగితే ఊడుతుంది, దాని కింద మరలు ఉంటాయి. తెరవగానే స్పీకరు వెనక రెండు అతుకులు ఉన్నట్టే ఫోటో తీసుకోండి. ఒక చెవికి ప్లస్ మైనస్ తారుమారైతే పాట ఆగదు గానీ బాస్ పల్చబడుతుంది, గొంతు తల మధ్యలో నిలబడకుండా ఎటో తేలుతున్నట్టు ఉంటుంది. ఆ అతుకుల మీది నుంచి స్పీకరు లోపలికి పోయే తీగ ఇంకా సన్నం, దాన్ని ఐరన్ తాకితే ఆ స్పీకరుకు మందు లేదు. తయారీలో వైరుకు లోపల వేసిన ముడిని విప్పి ఉంటే మళ్లీ వేయండి. లాగుడు ఆ ముడి మీదే ఆగుతుంది. చవక ఇయర్‌ఫోన్ల చెవి మొగ్గలు జిగురుతో అంటించి ఉంటాయి. బ్లేడు పెట్టి విప్పితే సగం విరుగుతాయి. నేర్చుకోవడానికైతే సరే, డబ్బు మిగల్చడానికైతే ఆ శ్రమ దండగ.

అయ్యాక చూసుకోవాల్సినవి

తొడుగు బిగించకముందు ఒకసారి, బిగించాక ఒకసారి మీటరు పెట్టండి. బిగించకముందు బాగుండి, బిగించాక ఒక చెవి పోయిందంటే లోపలి అతుకు ఏదో లోహపు తొడుగుకు తగులుతోంది. పిన్నుతో పాటు వచ్చిన చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని పారేసి ఉంటారు. అది లోపల తొడగడానికే ఇచ్చింది. లేకపోతే మందపు కాగితం ఒక చుట్టు చుట్టి పెట్టండి.

ఎడమ కుడి అటుదిటైతే వినడానికి తేడా తెలియదు, వీడియోలో కారు అటు పోతే శబ్దం ఇటు పోతుంది. మొన, రింగు తీగలు మార్చితే సరి. ఎఫ్‌ఎంలో ఆకాశవాణి కడప పెట్టి చూడటం కూడా మంచి పరీక్ష. చాలా ఫోన్లలో ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్. వైరు కదిలిస్తే గరగర వస్తే కామన్ అతుకు ఇంకా పచ్చిగానే ఉంది. ఐదారు సెంటీమీటర్లు వైరు తగ్గినందుకు స్టేషన్ పోదు.

పాట దానంతటదే ఆగడం, ఫోను ఉన్నట్టుండి అసిస్టెంట్‌ను తెరవడం మొదలైతే ఎవరో బటన్ నొక్కుతున్నట్టు ఫోను అనుకుంటోంది. మైకు అతుకు నుంచి ఒక పోగు లేచి కామన్‌కు తాకుతోంది. తొడుగు విప్పి, ఆ పోగును బ్లేడు మొనతో కోసి, రెండు రేకుల మధ్య చిన్న టేపు ముక్క దూర్చి మళ్లీ బిగించండి.